పాత వాషరు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



కారు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. శాఖ వర్క్‌షాపులో ఛార్జిమాన్‌గా పనిచేసినవాణ్ణి కనుక ఒప్పుకున్నాను. కారంతటిలో బహు చిన్న వస్తువు గురించి చెబుతాను. అది ఇంజను కింద ఆయిల్ ఛాంబరుకుండే డ్రెయిన్ నట్టు వాషరు.

పాత ఆయిలు దించడానికి విప్పేది ఆ నట్టే. చాలా కార్లలో దాని తల కింద రాగి వాషరో, అల్యూమినియం వాషరో ఉంటుంది. నట్టు బిగించినప్పుడు ఆ మెత్తని లోహం నలిగి సందు పూడ్చి, ఆయిలు కారకుండా ఆపుతుంది. ఒకసారి నలిగింది మళ్లీ అంత బాగా నలగదు. రాగిదైతే ఎర్రగా కాల్చి చల్లారిస్తే తిరిగి మెత్తబడుతుంది గాని, ఇంటి దగ్గర ఆ అవస్థ దేనికి? ఆయిలు మార్చినప్పుడల్లా కొత్తది వేయడమే మేలు.

ఈ సంగతి నాకు ఆనాడూ తెలుసు. తెలిసే తప్పు చేశాను.

1987 వేసవి. స్టోర్సులో వాషర్లు నిండుకున్నాయి. అంబాసిడరుకు ఆయిలు మారుస్తున్న హెల్పరు కుర్రవాడు వచ్చి, "వాషరు నలిగిపోయింది సార్, కొత్తది కావాలండీ" అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆఫీసరుగారి క్యాంపు. "ఉన్నదే వేసి గట్టిగా బిగించవోయ్" అన్నాను. అతను స్పానరుకు పైపు తగిలించి బిగించాడు. ఛాంబరు మరలు చెడిపోయాయి. దారిలో నట్టు ఊడిపడి ఆయిలంతా కారిపోయింది. చప్పుడు మారిందని డ్రైవరు ఆపేసరికే ఇంజను పట్టేసింది.

విచారణలో, "అతిగా బిగించి మరలు పాడుచేశాడు" అని రాసిచ్చాను. అది అబద్ధం కాదు. కాని పాత వాషరు వేయమన్నది, గట్టిగా బిగించమన్నది నేనేనని రాయలేదు. అతనికి ఒక ఇంక్రిమెంటు ఆపేశారు.

అతనూ రిటైరయ్యాడు. గత ఏడాది లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చినప్పుడు కనబడితే, పక్కకు పిలిచి తప్పు నాదని చెప్పాను. "మీరు చెబుతారేమోనని ఆ రోజు మీ ముఖం వంకే చూశాను సార్" అన్నాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు. అతని అనుమతి తీసుకునే ఈ సభలో చెబుతున్నాను.

ఇక మీకు పనికొచ్చే మాటలు. ఇంజను గోరువెచ్చగా ఉండగా ఆయిలు దించండి. మరిగే ఆయిలు చేయి కాలుస్తుంది. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరవద్దు. గేరుబాక్సుకూ ఇలాంటి నట్టే ఉంటుంది. ఏది దేనిదో చూసుకొని విప్పండి. బిగించేటప్పుడు మొదట వేళ్లతోనే తిప్పండి. చివరి వరకూ తేలికగా రాకపోతే మర తప్పినట్టే. బలవంతం చేయక వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. ఆ పైన స్పానరుతో, కారు పుస్తకంలో చెప్పినంతే బిగించాలి. ఆయిలు పోశాక కాసేపు ఇంజను నడిపి, కింద చుక్క పడుతున్నదేమో చూడండి. దారిలో ఎర్రని ఆయిలు దీపం వెలిగితే "ఇల్లు దగ్గరే కదా" అనుకోక అక్కడే ఆపేయండి.

మన వయసులో కారు కిందికి దూరేవారెందరు? మెకానిక్కుతోనే చేయించండి. ఆయిలుతోపాటు మీ కారుకు సరిపోయే వాషరు కూడా కొనిచ్చి, దగ్గర నిలబడి వేయించండి. అతను కొత్త వాషరు అడిగితే మాత్రం, నాలాగా "ఉన్నదే వెయ్యి" అనకండి.