మోటారు సైకిలు, మద్యపానం, మన ఉద్యోగం

(ఖరగ్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త సభలో చేసిన ప్రసంగ పాఠము)



కరవు భత్యం గురించియో, పింఛను గురించియో వినవచ్చిన మీకు నేనీ విషయం ఎత్తుకొనుట వింతగా తోచవచ్చును. నేను మద్యనిషేధ ప్రచారకుడను కాను. త్రాగుడు మంచిదా చెడ్డదా అను చర్చ మన ఇండ్లలో ఎటూ జరుగుచున్నదే. నేను చెప్పదలచినది ఉద్యోగం సంగతి.

మన పెద్దలు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి ఇచ్చటికి వచ్చిన కాలంలో కాలినడకయే వాహనం. నేడు నింపురా, మలంచ, ఇందా, ఎటు చూచినా మోటారు సైకిళ్ళే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో నూటికి నలుబది నలుగురికి పైగా ద్విచక్ర వాహనాలపై పోయినవారే.

1939 నాటి మోటారు వాహనాల చట్టం తొలి రూపంలో, వాహనాన్ని అదుపు చేయలేనంత మత్తులో ఉన్నవాడే దోషి. "నేను నిలకడగానే ఉన్నాను గదా" అను వాదానికి అప్పుడు చోటుండెడిది. ఇప్పుడది చెల్లదు. 1988 చట్టంలోని 185వ సెక్షను, 1994 సవరణ అనంతరం, ఒక అంకెను మన ముందుంచినది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించినచో నేరమే. ఇంగ్లండులో ఈ హద్దు 80. కారుకు ఒక హద్దు, బండికి ఒక హద్దు అను భేదం చట్టంలో లేదు. మోపెడ్ సైతం మోటారు వాహనమే. పట్టాలపై నడిచే వాహనాన్ని మాత్రం ఈ చట్టం మినహాయించినది. అందుకు 1989 రైల్వే చట్టంలోని 172వ సెక్షను వేరుగా ఉన్నది గనుక లోకో పైలట్ సోదరులు సంతోషించ నక్కరలేదు.

మొదటి నేరానికి ఆరు నెలల వరకు ఖైదు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండును. రెండవ పర్యాయం రెండేండ్ల వరకు ఖైదు, 15,000 జరిమానా. రోడ్డు మీదనే రుసుము చెల్లించి వదిలించుకొనదగిన నేరం కాదిది. కోర్టు మెట్లు ఎక్కవలసినదే. తెలిసి తెలిసి త్రాగినవాని చేతికి తాళం అందించి ప్రోత్సహించిన మిత్రుడు సైతం 188వ సెక్షను క్రింద చిక్కుకొనవచ్చును.

పోలీసు అధికారి యూనిఫారంలో ఉండవలెను, సహేతుకమైన అనుమానం ఉండవలెను. అప్పుడు ఊదుమని కోరవచ్చును. అరెస్టు చేసినచో రెండు గంటలలోగా వైద్య పరీక్ష జరిపించవలెను, లేనిచో విడుదల చేయవలెను. ఊదుటకు నిరాకరించుట తెలివి కాదు. ఆ నిరాకరణయే మీకు ప్రతికూల సాక్ష్యమగును.

ఇక అసలు సంగతి. కొన్నేండ్ల క్రితం విశ్వకర్మ పూజ మరునాడు ఒక సోదరుడు మా యూనియన్ ఆఫీసుకు నవ్వుతూ వచ్చినాడు. "అయిపోయిందన్నా, ఒప్పేసుకున్నా, కట్టేస్తా" అన్నాడు. కోర్టులో నేరం అంగీకరించి జరిమానా చెల్లించినాడు. అరెస్టు సంగతి పై అధికారికి తెలుపలేదు. కొన్ని నెలలకు షోకాజ్ నోటీసు చేతికి వచ్చినది. అప్పుడు నవ్వు లేదు.

ఎందుకనగా జరిమానా స్వల్పమైనను అది నేర నిర్ధారణయే. 1968 రైల్వే క్రమశిక్షణ నిబంధనలలో 14వ నిబంధన, తపాలా సోదరులకు 1965 సి.సి.ఎస్. నిబంధనలలో 19వ నిబంధన, నేర నిర్ధారణ జరిగిన ఉద్యోగిపై పూర్తి విచారణ లేకయే చర్యకు వీలు కల్పించుచున్నవి. ప్రతిపాదిత శిక్షపై జవాబు చెప్పుకొను అవకాశం మాత్రం మిగులును. నలుబది ఎనిమిది గంటలు మించి కస్టడీలో ఉన్నచో సస్పెన్షన్ అయినట్లే. నేరం బెయిలబుల్ గనుక ఆ స్థితి రానీయకుండుట మన చేతిలోనిది. అయితే 1985లో ఢిల్లీ పాల సరఫరా పథకం ఉద్యోగి కేసులో సుప్రీం కోర్టు, ఈ అధికారమును న్యాయంగా ప్రయోగించవలెనని, స్కూటరు నిలుపరాని చోట నిలిపి శిక్షపడినవానిని ఉద్యోగం నుండి తొలగించుట సబబు కాదని వ్యాఖ్యానించినది. మా సోదరుని జవాబులో ఆ తీర్పునే ఉదహరించితిమి. ఒక ఇంక్రిమెంటు నిలుపుదలతో బయటపడినాడు. త్రాగి నడుపుట స్కూటరు నిలుపుట వంటిది కాదని అధికారి అన్న మాటకు మావద్ద జవాబు లేకుండెను, ఒప్పుకొనవలసినదే.

బీమా గురించి ఒక్క మాట. యజమాని-చోదకుని 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, మత్తులో ప్రమాదం జరిగినచో వర్తించదు. కుటుంబం చేతికి ఏమియు రాదు.

మరొక పొరపాటు, "రాత్రి త్రాగితిని, తెల్లవారినది గదా" అనుకొనుట. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించుకొనును. అర్ధరాత్రి 150 ఉన్నవానికి ఉదయం ఆరు గంటలకు ఇంకను 60 ఉండును, చట్టపు హద్దుకు రెట్టింపు. మొదటి షిఫ్టుకు బండిపై బయలుదేరువారు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను.

విశ్వకర్మ పూజ నాటి రాత్రి కాలనీలకు బస్సులు నడుపవలెనని వినతిపత్రం సిద్ధం చేసినాము. సంతకాల కాగితం ద్వారం వద్ద బల్లమీద ఉన్నది.