అమెరికా – ముస్లిం దేశముల మైత్రి

మాటలు కోటలు దాటును గాని కాళ్ళు గడప దాటవని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత మనుష్యులకే గాక రాజ్యములకును వర్తించును. 2009 జూన్ 4వ తేదీన నాటి అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా ఈజిప్టు రాజధానియైన కైరోలోని విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసము చేసెను. అమెరికాకును ముస్లిములకును నడుమ క్రొత్త అధ్యాయము ప్రారంభము కావలెనని ఆయన కోరెను. సభికులు పలుమారులు కరతాళధ్వనులు చేసిరి. ఆ మాటలు ఎంతవరకు ఫలించినవి? ఫలింపనిచో కారణమేమి? శ్రోతలారా, ఈ ప్రశ్నలనే నేడు మీతో కలసి విచారింపదలచితిని.

ఈ ఉభయుల నడుమ వైరము అనాదిగా వచ్చినది కాదు. అమెరికా ఇంకను స్వాతంత్ర్యయుద్ధము చేయుచున్న 1777లోనే మొరాకో సుల్తాను తన రేవులను అమెరికా ఓడలకు తెరచెను. 1786లో ఇరువురును స్నేహసంధి చేసికొనిరి. 1821లో అచటి సుల్తాను టాంజియరు నగరమున అమెరికాకు కానుకగా ఇచ్చిన భవనము నేటికిని నిలిచియున్నది. 1866లో అమెరికా మతప్రచారకులు బేరూతులో స్థాపించిన కళాశాల కాలక్రమమున విశ్వవిద్యాలయమై, అరబ్బు దేశములకు ఎందరో వైద్యులను, రాజనీతిజ్ఞులను ప్రసాదించినది. 1956లో బ్రిటను, ఫ్రాన్సు, ఇజ్రాయిలు కలసి ఈజిప్టుపై దండెత్తినపుడు, అధ్యక్షుడు ఐసెన్‌హోవరు తన మిత్రులనే ఒత్తిడి చేసి సేనలను మరలింపజేసెను.

కాని చరిత్రకు రెండవ పుట కూడ కలదు. 1951లో ఇరాను ప్రధాని మొసాద్దెఖ్ తన దేశపు చమురును జాతీయము చేసెను. 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటిషు గూఢచారి శాఖలు ఆయనను పదవినుండి పడద్రోయించినవి. ఆ గాయము మానలేదు. 1979లో టెహరానులోని అమెరికా రాయబార కార్యాలయమును ఆక్రమించినవారు 52 మందిని 444 దినములు నిర్బంధించిరి. ఒకరి తప్పు మరియొకరి తప్పును ఒప్పు చేయజాలదు. కాని ఒక అన్యాయము మరియొక అన్యాయమునకు విత్తనమగుట మాత్రము నిజము. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు, వాషింగ్టను నగరములపై జరిగిన ఘోరమునకు లోకమంతయు కలత చెందినది. 2003లో అమెరికా ఇరాకుపై యుద్ధము సాగించుటతో ఆ సానుభూతి చాలవరకు ఆవిరియైపోయినది. ఉన్నవని చెప్పిన భయంకరాయుధములు అచట కానరాలేదు.

ఆ కాలముననే ఒక వింత జరిగినది. ప్రపంచములో అత్యధిక సంఖ్యలో ముస్లిములు నివసించు ఇండొనేషియాలో, అమెరికాపై సదభిప్రాయము గలవారు 2003లో నూటికి 15 మంది మాత్రమేయని ప్యూ పరిశోధన సంస్థ తేల్చినది. 2004 డిసెంబరు 26న మన ఆంధ్ర తీరమును సైతము తాకిన ఆ సునామీ, ఇండొనేషియాలోని ఆచే ప్రాంతమున లక్షన్నరకు పైగా ప్రాణములను బలిగొన్నది. రోడ్లు, వంతెనలు కొట్టుకొనిపోయినవి. కొలదిదినములలోనే అమెరికా విమానవాహక నౌక తీరమునకు చేరినది. యుద్ధమునకై నిర్మించిన ఆ ఓడ నుండి హెలికాప్టర్లు ఆహారమును, మంచినీటిని మోసికొనిపోయి, దారులు తెగిన పల్లెలలో దింపినవి. క్షతగాత్రులను వైద్యశాలలకు చేర్చినవి. తరువాత అమెరికా ధనముతో ఆచే పడమటి తీరమున దాదాపు 150 కిలోమీటర్ల రహదారి వెలసినది. 2005లో మరల విచారింపగా సదభిప్రాయము గలవారు నూటికి 38 మంది! ఇరాకు యుద్ధము ఆగలేదు. అమెరికా విదేశాంగ నీతి మారలేదు. ఆకలిగొన్నవానికి అన్నము అందినది; అంతే.

ఇప్పుడు కైరో ఉపన్యాసమునకు మరలుదము. 1953 నాటి ఇరాను ఉదంతములో తన దేశమునకు పాత్ర కలదని ఒబామా ఆ సభలో బహిరంగముగ అంగీకరించెను. అది చిన్న విషయము కాదు. కాని గ్వాంటనామో చెరసాలను మరుసటి సంవత్సరారంభమునకు మూయింతుమని చెప్పిన మాట నెరవేరలేదు. పాలస్తీనా భూములలో ఇజ్రాయిలు వలస నివాసముల నిర్మాణము ఆగవలెనని చెప్పిన మాట కూడ నీటిపై వ్రాతయైనది. ఈజిప్టులో 2009లో నూటికి 27గా నున్న సదభిప్రాయము 2012 నాటికి 19కి దిగజారినది. ఆశ పెట్టి తీర్చకుండుటకంటె అసలు ఆశ పెట్టకుండుటయే మేలు గదా!

ముస్లిం ప్రపంచమని ఒక్క మాటలో చెప్పుచున్నాము గాని, అది ఒక్క ముద్ద కాదు. ఇరాను వ్యథ వేరు, ఈజిప్టు కోరిక వేరు, ఆచే జ్ఞాపకము వేరు. ఎవరి గాయమును వారికి తగినట్లు గుర్తింపవలెను. చేసిన తప్పును ఒప్పుకొనవలెను. ఆడిన మాట నిలుపుకొనవలెను. అవతలి పక్షము కూడ ఒక ప్రభుత్వము చేసిన పనికి ఆ దేశప్రజల నందరిని దోషులుగా నెంచరాదు.

సహాయమును విదేశములకు చేరవేసిన అమెరికా ప్రభుత్వసంస్థయే ఆ రహదారిని నిర్మింపించినది. 2025లో ఆ సంస్థ మూతపడినది. రహదారి మాత్రము నిలిచియున్నది. దానిపై ప్రతిదినము బండ్లు నడచుచున్నవి. బడికి పోవు పిల్లవానికి, సంతకు పోవు రైతునకు అది ఏ అధ్యక్షుని ఉపన్యాసము కంటెను స్పష్టముగ మాటలాడును. స్నేహము కోరు రాజ్యములు వినవలసిన భాష అదియే.