చేపల తొట్టి – మానని కురుపు



మన గోదావరి జిల్లాలవాళ్లకు చేప, రొయ్య కొత్త కాదు. చెరువుల్లో పనిచేసేవారికి ముల్లు గుచ్చుకోవడం మామూలే. ఇప్పుడు మనవల ముచ్చట కోసం ఇంట్లో అద్దాల తొట్టి పెట్టి, దాన్ని కడిగే పని మనం నెత్తిన వేసుకున్నాం.

అలా కడుగుతుండగా నా వేలు గీరుకుపోయింది. మూడు వారాలకు అక్కడ ఎర్రటి కురుపు లేచింది. రెండు నెలలు మలాములు రాసినా తగ్గలేదు. చివరికి ఒక చర్మవైద్యుడు "ఇంట్లో చేపలు ఉన్నాయా?" అని అడిగారు. అంతవరకు తొట్టి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఈ క్రిమి మైకోబాక్టీరియం మెరైనమ్, క్షయ క్రిమికి దాయాది. 1926లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, అక్వేరియం చేపల్లో గుర్తించారు. సుమారు 30 డిగ్రీల వేడిలో బాగా పెరుగుతుంది. అందుకే ఒంటికన్నా చల్లగా ఉండే చేతులను పడుతుంది. 37 డిగ్రీల దగ్గర చేసే మామూలు పరీక్షలో దొరకకపోవచ్చు. ముందే చెబితే ల్యాబువారు తగినట్టు చూస్తారు. మనిషినుంచి మనిషికి అంటదు గాని, మందులు నెలల తరబడి వాడాలి. నేను నాలుగు నెలలు మింగాను.

చేతికి గాయముంటే తొట్టి జోలికి పోవద్దు. రబ్బరు తొడుగులు వేసుకోండి. పని కాగానే సబ్బుతో కడుక్కోండి. గొట్టంతో నీళ్లు నోటితో లాగవద్దు. షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్త.

మానని కురుపుతో డాక్టరు దగ్గరకు వెళితే, ఆయన అడిగేదాకా ఆగకండి. చేపల సంగతి మీరే చెప్పండి. సెలవు.