పుస్తకం ఇచ్చే ముందు ఒక ప్రశ్న
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకునే మావంటి మెట్రిక్యులేటును గ్రంథాలయాన్ని గురించి మాట్లాడమనడం పెద్దల వాత్సల్యమే గాని మా అర్హత కాదు. అయితే ఈ ఖటక్ చించోళిలో మన తెలుగు కుటుంబాలు కూడబెట్టిన పుస్తకాల బీరువా తాళంచెవి మూడేళ్లుగా మా వద్ద ఉన్నది. ఆ హోదాలో మేము చేసిన తప్పు ఒకటి విన్నవించుకుంటాము.

తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు పుస్తకం కావాలని వచ్చాడు. సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తీసి, తెలుగువాడన్నవాడు ఇది చదవాలని చేతిలో పెట్టాము. 1955లో సాహిత్య అకాడమీ బహుమానం పొందిన ఉద్గ్రంథమది. కుర్రవాడు పదిహేను రోజులకు వినయంగా తిరిగి ఇచ్చాడు. తరువాత ఏడాదిపాటు బీరువా వైపు రాలేదు.

పుస్తకంలో లోపం లేదు, పిల్లవానిలో లోపం లేదు. లోపం మాదే. టిక్కెట్ల కిటికీ వద్ద ఏ ఊరు వెళ్లాలో అడగకుండా మేము టిక్కెట్టు ఇస్తామా? పుస్తకం మాత్రం అడగకుండా ఇచ్చాము.

గ్రంథాలయ శాస్త్రానికి పితామహులైన రంగనాథన్‌గారు 1931లో ఐదు సూత్రాలు ప్రకటించారు. ప్రతి పాఠకునికీ తనదైన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తనదైన పాఠకుడు అన్నవి అందులో రెండు. ఈ జతను కుదర్చడమే గ్రంథపాలకుని పని.

ఆ కుర్రవాణ్ణి వెదకి పట్టుకొని, "నాయనా, నిద్ర మానుకొని చదివిన కథ ఏది?" అని అడిగాము. సిగ్గుపడుతూ ఒక కన్నడ డిటెక్టివ్ నవల పేరు చెప్పాడు. మేము నవ్వలేదు. అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' ఇచ్చాము. గజదొంగగా పేరుపడ్డ వీరుని కథ. ఐదు రోజులలో వచ్చి, "రుద్రమదేవి కాలంలో జనం ఎట్లా బతికేవారండీ?" అన్నాడు. అప్పుడు ప్రతాపరెడ్డిగారి పుస్తకం మళ్లీ ఇచ్చాము. ఈసారి దాని కోసం అడిగినవాడు అతడే!

అందుచేత ఎవరి అభిరుచినీ చిన్నచూపు చూడరాదు. అక్కడి నుండే ఒక్కొక్క మెట్టు ఎక్కించాలి. నవ్వుకోవాలనే ఇల్లాలికి మునిమాణిక్యంవారి కాంతం కథలు, ప్రయాణాలంటే సరదాపడేవారికి మొక్కపాటివారి 'బారిష్టర్ పార్వతీశం', చూపు మందగించిన అవ్వకు పురాణ కథ, దానితోపాటు చదివి వినిపించే మనుమరాలు కావాలి. బడిలో కన్నడం నేర్చిన పసివారికి తెలుగు లిపి దాయాదిలాంటిదే. పెద్ద అక్షరాల బొమ్మల కథలతో నెలరోజులలో పట్టుబడుతుంది.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1956 వరకు మన బీదరు జిల్లా కూడ ఆ హైదరాబాదు రాజ్యంలోనిదే. ఉర్దూ ఏలిన నగరంలో తెలుగు నిలవాలని పెద్దలు ఆ దీపం వెలిగించారు. మన బీరువా చిన్నదే. కాని పిల్లలు దాని ముఖం చూడకపోతే ఇరవయ్యేళ్లకు అది చెదల పాలవుతుంది.

కనుక మా మనవి ఒక్కటే. ఈ పండుగనాడు ప్రతి ఇంటివారూ తమకు నచ్చిన కథ పేరు ఒకటి చీటీమీద వ్రాసి ఇవ్వండి, అది ఏ భాషదైనా సరే. తరువాతి పుస్తకం వెదకే భారం మాది.