ఆగిపోవు బండి – అడుగవలసిన ప్రశ్న

(తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



పిల్లల చదువును గూర్చి మాటలాడవలసిన వేదికపై మోటారుకారును గూర్చి మాటలాడుట వింతగా తోచవచ్చును. కాని మా పాతకారు మాకు నేర్పిన పాఠము బిడ్డలు గల వారందరికిని పనికివచ్చునని తలంచి, దానినే మనవి చేయుచున్నాము.

మా ఇంట ఒక అంబాసిడర్ కారు కలదు. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై వెలువడిన ఆ బండ్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. అయినను మా వెల్లిచందైలో పెండ్లికిగాని, ఆసుపత్రికిగాని, పరీక్షకు పోవు పిల్లలకుగాని మా బండి ఎన్నో ఏండ్లు అక్కరకు వచ్చినది.

గత వేసవిలో దానికొక జబ్బు పట్టుకొన్నది. పది పన్నెండు కిలోమీటర్లు చక్కగా నడచును. తరువాత దగ్గుచు, ఈడ్చుచు, ఆగిపోవును. పావుగంట ఊరకుండిన మరల బయలుదేరును. మెకానిక్కునకు చూపగా కాయిల్ మార్చినాడు. కొన్నాళ్లు బాగుండి మరల ఆగినది. కండెన్సరు మార్చితిమి. పిమ్మట పెట్రోలు పంపు మార్చితిమి. ప్రతిసారియు బాగుపడినట్లే కనిపించి, దూరము పోయినప్పుడు మోసగించెడిది.

ఒకనాటి రాత్రి పొరుగింటి పసివానికి జ్వరము మిక్కుటమైనది. ధర్మపురి ఆసుపత్రికి తీసికొని పోవుచుండగా నడిదారిలో బండి ఆగినది. వెనుక వచ్చిన టమాటాల వ్యాను వారు ఆ తల్లిని బిడ్డను ఎక్కించుకొని పోయిరి. బిడ్డ కోలుకొనెను. కాని ఆ చీకటిలో, బండి ప్రక్కన నిలుచుండిన ఆ పావుగంట మేము మరువజాలము.

మరునాడు మేము చేసిన పని ఇంకను సిగ్గుచేటు. ఆ మెకానిక్కు మన బడిలోనే చదివిన బాలుడు. పదిమంది యెదుట, "నీకు చదువును రాలేదు, పనియు రాలేదు" అని అతనిని నిందించితిమి. అతడు బదులు పలుకలేదు. వారము దినముల తరువాత ఒక నోటుపుస్తకముతో మా గుమ్మమునకు వచ్చి, "అయ్యా, ఈసారి ఏ సామానును మార్చను. కొన్ని ప్రశ్నలు మాత్రము అడిగెదను" అనెను.

బండి చటుక్కున ఆగునా, మెల్లమెల్లగా ఆగునా? ఎంత దూరము పోయిన పిమ్మట ఆగును? ఎంతసేపటికి తిరిగి కదలును? ఇవి అతని ప్రశ్నలు. ఇంజను నడచుటకు తగుపాటి పెట్రోలు, గాలి, సరియైన వేళకు నిప్పురవ్వ కావలెను. దీపము ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగినచో ముందుగా నిప్పురవ్వ త్రోవను అనుమానింపవలెను. దగ్గి దగ్గి ఆగినచో ముందుగా పెట్రోలు త్రోవను చూడవలెను. ఇది తప్పని శాసనము కాదు గాని, వెదకుటకు మంచి ఆరంభము.

చివర అతడు, "ఈ జబ్బు మొదలగుటకు ముందు బండిలో ఏమి మార్చితిరి?" అని యడిగెను. ఏమియు లేదంటిమి. ఎనిమిదవ తరగతి చదువు మా అమ్మాయి, "నాయనా, పెట్రోలు ట్యాంకు మూత పోయినదని కొత్తది కొంటిరి గదా!" అనెను.

ముగ్గురమును అదే దారిన బయలుదేరితిమి. బండి దగ్గి ఆగినది. మొదట ప్లగ్గు చూచిరి; నిప్పురవ్వ బలముగానే యున్నది. ఈ పరీక్షను పెట్రోలు గొట్టము విప్పకముందే చేయవలెను; వేడి ఇంజను దగ్గర పెట్రోలు ఆవిరి ఉండగా రవ్వ పుట్టించుట ప్రాణాపాయము. తరువాత అతడు ట్యాంకు మూత వదులు చేసెను. బుస్సుమని గాలి లోపలికి పోయెను. తాళము త్రిప్పగనే బండి కదలెను.

కారణము మిక్కిలి చిన్నది. పెట్రోలు ఖర్చగుకొలది ట్యాంకులో ఆ చోటికి గాలి చేరవలెను. మా పాత మూతకు అందుకొక సన్నని రంధ్రము ఉండెడిది; మేము కొన్న మూతకు లేదు. లోపల శూన్యము పెరిగి, పంపు ఎంత లాగినను పెట్రోలు రాకుండెను. పావుగంటలో ఏ సందుననో గాలి చొరబడగా మరల నడచెడిది. సామాను మార్చునంతలో ఆ వ్యవధి గడచెడిది గనుక, ఖ్యాతి కొత్త సామానునకు దక్కెడిది. రంధ్రము గల మూత పెట్టగా జబ్బు పోయినది. నిశ్చయముకొరకు బిగుతు మూత మరల పెట్టి చూడగా జబ్బు మరల వచ్చినది.

పాతబండ్లు గలవారికి ఇంకొక మాట. ఇట్లే వేడెక్కి ఆగి, చల్లారి కదలుటకు వేరు కారణములును కలవు: గొట్టములో పెట్రోలు ఆవిరియగుట, వేడికి కాయిల్ గాని కండెన్సరు గాని లొంగుట, ట్యాంకులోని త్రుప్పు జల్లెడకు అడ్డుపడుట. ఇప్పటి పెట్రోలులో నూటికి 20 వంతుల వరకు ఇథనాలు కలియుచున్నది. అది నీటిని పీల్చును. దానికై తయారుకాని పాత రబ్బరు గొట్టములను చెరచును. వానిని అప్పుడప్పుడు పరీక్షింపవలెను.

కోయంబత్తూరు ప్రాంతమున 1893లో తెలుగు కుటుంబమున పుట్టిన జి. డి. నాయుడుగారు బడిలో చదివినది కొద్దియే. ఒక మోటారుసైకిలును విప్పి కూర్చి యంత్రమర్మము నేర్చిరి. 1920లో పొళ్లాచ్చి, పళని ఊళ్ల మధ్య ఒక్క బస్సుతో వ్యాపారము ఆరంభించి దేశప్రసిద్ధులైరి. చదువు రాలేదని ఒకరిని తీసివేయుటకు ముందు ఆయనను తలంచుకొనుట మంచిది.

తల్లిదండ్రులారా, మన బిడ్డయు ఒక్కొక్కచోట ఆగును. వెంటనే మనము ట్యూషను మార్చుదుము, గైడు మార్చుదుము, తుదకు బడియే మార్చుదుము. కొన్నాళ్లు మేలనిపించి మరల మొదటికి వచ్చును. ఏ పాఠమున ఆగినది, ఎప్పటినుండి ఆగుచున్నది, అంతకుముందు ఇంట ఏమి మారినది అని అడుగము. నల్లబల్ల కనబడక ఆగిన బిడ్డలున్నారు. లెక్క రాక కాదు, ఆ లెక్క చెప్పిన భాష తెలియక ఆగిన బిడ్డలును మనలో ఉన్నారు. ఇంట మన పెత్తనపు బిగువున గాలి ఆడక ఆగినవారును ఉండవచ్చును. మూత బిగించినది మనమే కావచ్చును.

ఆ యువకుని పదిమందిలో నిందించితిమి గనుక పదిమందిలోనే క్షమాపణ కోరుట ధర్మము. అతడు ఈ సభలో వెనుక వరుసలో కూర్చుండి యున్నాడు. నాయనా, తప్పు మాది. మమ్ము క్షమింపుము.