తుంగభద్ర కాలువలు: ముందరి హక్కు, చివరి చేను



ఒకే నదిపై కాలువలు అనేకమైనప్పుడు నీరు మొదట ఎవరికి అందవలెనన్న ప్రశ్న తప్పదు. ముందు తవ్విన కాలువకు ముందు నీరన్నది కాలాన్ని బట్టి ఏర్పడిన హక్కు. ఎగువనున్నవారికి ముందు నీరన్నది ఎవరూ ఇవ్వకుండానే దక్కే సౌకర్యం. తుంగభద్ర చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య పెనుగులాటయే.

విజయనగర ప్రభువులు ఈ నదిపై ఆనకట్టలు కట్టి కాలువలు తీశారు. 1860 దశకంలో సుంకేసుల వద్దనుండి కర్నూలు–కడప కాలువను ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది. 1882లో ప్రభుత్వం దానిని కొన్నది. హోసపేట వద్ద పెద్ద జలాశయం 1953లో పూర్తయింది. వయస్సులో చిన్నదైన ఈ జలాశయం సుంకేసులకు ఎగువన ఉన్నది. పాత హక్కుదారు దిగువన, కొత్త తాళంచెవి ఎగువన! చిక్కంతా ఇక్కడనే మొదలయింది.

1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ఈ చిక్కును విచారించింది. 1960 సెప్టెంబరు నాటికి నడుస్తున్న, పరిశీలనలో ఉన్న ప్రాజెక్టులకు తరువాతి వాటికంటె ప్రాధాన్యం ఇవ్వవలెనని 1973లో నిర్ణయించింది. కృష్ణా పరీవాహకంలో పంపకానికి వచ్చిన 2,060 టి.ఎం.సి.లలో 1,693.36 టి.ఎం.సి.లు ఇట్లు రక్షణ పొందిన వాడకాలే. కర్నూలు–కడప కాలువకు 39.9, రాజోలిబండకు 17.1 టి.ఎం.సి.లు దక్కాయి. రాజోలిబండ వాటాలో కర్ణాటకకు 1.2, నాటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన 15.9 టి.ఎం.సి.లు 2014 తరువాత తెలంగాణవైనాయి.

అయితే అంకె వేరు, నీరు వేరు. కర్నూలు–కడప కాలువ వాటాలో జలాశయంనుండి విడువవలసినది 10 టి.ఎం.సి.లు మాత్రమే, మిగిలినది నదిలో సహజంగా పారే నీరు. వాన మొగం చాటువేస్తే ఆ భాగానికి పూచీ లేదు. రాజోలిబండ ఆనకట్ట, కాలువ మొదటి భాగం రాయచూరు జిల్లాలో ఉన్నాయి. ఆయకట్టులో అధికభాగం గద్వాల, ఆలంపూరు ప్రాంతాలలో ఉన్నది. వాటా పూర్తిగా అందుట లేదని ఆ రైతులు దశాబ్దాలుగా మొరపెట్టుకొంటున్నారు.

ఈ సీమలో స్థిరపడిన తెలుగువారికి మరింత దగ్గరి విషయం ఎడమగట్టు కాలువ. కొద్ది నీటిని విశాలమైన మెట్టభూమికి పంచి, జొన్న, పత్తి వంటి ఆరుతడి పైర్లను కాపాడుట దాని ప్రధానోద్దేశం. కోస్తా జిల్లాలనుండి వచ్చి గంగావతి, సింధనూరు ప్రాంతాలలో క్యాంపులు వేసుకొన్న రైతులు నల్లరేగడిని చదును చేసి వరి పండించారు. వారి శ్రమ శ్లాఘనీయం. కాని కాలువ తలవద్ద వరిమడి నిండితే చివరి చేను ఎండుతుంది. ఒకే కాలువ క్రింద ముందు వెనుకల హక్కు లేదు. అందరిదీ ఒకే వయస్సు. అక్కడ వంతు, కొలత అనే రెండే న్యాయాలు.

ఈ న్యాయం రానురాను మరింత అవసరమవుతున్నది. జలాశయం తొలి సామర్థ్యం సుమారు 133 టి.ఎం.సి.లు, పూడిక పేరుకొనగా 2016 సర్వేలో తేలినది సుమారు 105. 2024 ఆగస్టు 10 రాత్రి పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయినప్పుడు, నిలువ నీరు ఎంత అస్థిరమో లోకం చూచింది. ఏటేటా తుంగభద్ర మండలి రాగల నీటిని అంచనావేసి, లోటును వాటాల నిష్పత్తిలో పంచుతుంది. రాష్ట్రాల మధ్య పాటించే ఈ నియమం ఊరి తూము వద్దకూడ నిలువవలసి ఉన్నది.

దానికి చదువు తోడ్పడగలదు. ఒక క్యూసెక్కు నీరు ఒక దినమంతా పారితే 86,400 ఘనపుటడుగులు, అనగా రెండెకరాలపై ఇంచుమించు ఒక అడుగు ఎత్తు. ఈ చిన్న లెక్క తెలిసిన బాలుడు తమ పొలానికి ఎంత నీరు వచ్చినదో చెప్పగలడు. ఎంత ఎక్కువ వచ్చినదో కూడ చెప్పగలడు. ఆ రెండవ మాటను ఇంట పెద్దలు ఓర్పుతో వినుటలోనే చివరి చేని బ్రతుకు ఉన్నది.