గృహస్థుని ధనము – గజముల లెక్క

మేడ్చల్ మీదుగా పోవు నాగపూరు దారికిని, శామీర్‌పేట మీదుగా పోవు కరీంనగరు దారికిని ఇరువైపుల హద్దురాళ్లు పాతిన ప్లాట్లను చూచినవారికి, మన గృహస్థుని ధనమెచ్చట నిలిచియున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. లండను ఇంపీరియల్ కళాశాల ఆచార్యులు తరుణ్ రామదొరై అధ్యక్షతన రిజర్వు బ్యాంకు నియమించిన సంఘము 2017లో వెలువరించిన నివేదిక ననుసరించి, సగటు భారతీయ కుటుంబపు ఆస్తిలో నూటికి 84 వంతులు ఇండ్లు, భూములు మొదలగు స్థూలరూపమునను, 11 వంతులు బంగారముగను, 5 వంతులు మాత్రమే డిపాజిట్లు, షేర్ల వంటి ఆర్థికసాధనములయందును ఉన్నవి. బంగారమైనచో ఆపదవేళ తాకట్టు దుకాణమునకు నడచిపోవును. రెండువందల గజముల ప్లాటులో ఆసుపత్రి ఖర్చునకై ఒక మూలను కోసి అమ్ముట యెట్లు? కనుకనే గజము ధర చెప్పుకొని మురియు గృహస్థుడే, రొక్కము చాలక వడ్డీవ్యాపారి గడప తొక్కుచున్నాడు.